క్లైడ్ చెయ్యని పని

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. ఇంగ్లీషులో అన్నాను, పట్టపగలు అన్నాను. నా ముందున్న గ్లాసులో బీరు అప్పటికి సగం కూడా తగ్గలేదు కాబట్టి మత్తులో నోరు జారిందని చెప్పుకునే వీలు కూడా లేదు. అన్నాక ఇంటికొచ్చి చారన్నం తిన్నాను, పిల్లల హోమ్‌వర్క్ చూశాను, మామూలుగానే పడుకున్నాను. బరువు ఆ రోజు తెలియలేదు. తర్వాత్తర్వాత తెలిసింది.

ఈ సంగతి మా ఆవిడకి సగం తెలుసు. ఆ సగమే మొత్తం అనుకుంటోంది. మిగతా సగం ఎవరికీ తెలీదు. మీకు చెప్పడం సులువు, ఎందుకంటే నేనెవరో మీకు తెలీదు, ఎదురుపడినా పోల్చుకోలేరు. పేరు రాయను. అమెరికాలో షాంటిలీ అనే ఊరి నుంచి రూట్ ఫిఫ్టీ రోడ్డు మీద పడమటికి పోతే ఇళ్లు పలచబడి పొలాలూ గుర్రాల కంచెలూ మొదలయ్యే చోటు, అంతవరకు చెబితే చాలనుకుంటాను.

అక్కడ రెండు రోడ్లు కలిసే మూల మీద ఒక పాత బారు ఉండేది. బారు అనగానే మీకు ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. ఎర్ర దీపాలు, గోడకి నాలుగు టీవీలు, చెవులు చిల్లులు పడే పాటలు. ఇది అది కాదు. రాతిగోడల ఇల్లు. గుమ్మం ఎంత పొట్టిదంటే నాలాంటి అయిదడుగుల ఆరంగుళాలవాడు కూడా కాస్త తల వంచాలి. ఆరు బల్లలు, పొడుగాటి చెక్క కౌంటరు, మధ్యలో ఇనప పొయ్యి, అందులో కట్టెల మంట. టీవీ లేదు. సెల్‌ఫోన్ మోగితే బయటికెళ్లి మాట్లాడుకోవాలి. నడిపేది డాటీ అని డెబ్బై ఏళ్ల ఆవిడ. కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతుండేది, కానీ దాన్ని పెట్టుకోగా నేను చూసింది చాలా తక్కువ. భర్త పోయి ఎన్నో ఏళ్లయింది. పిల్లలు లేరు. మేడ మీద రెండు గదుల్లో ఉండేది.

నేను మొదటిసారి అక్కడికి బీరు కోసం పోలేదు. బాత్‌రూమ్ కోసం పోయాను. రోడ్డు మీద ఏదో యాక్సిడెంటయి కార్లన్నీ పక్కదారికి మళ్లించారు, ఆ దారి నాకు తెలీదు, కడుపు ఉబ్బిపోయింది. తలుపు తోసుకుని లోపలికెళ్తే అందరూ తలెత్తి నా చేతుల వంక చూశారు. పొయ్యి పక్కన కూర్చున్న భారీ మనిషి ఒకాయన, "కట్టె ఏదీ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అక్కడి పద్ధతి ఏమిటంటే, చలికాలంలో లోపలికొచ్చే ప్రతివాడూ బయట పేర్చిన కట్టెల్లోంచి ఒకటి పట్టుకుని రావాలి. వట్టి చేతులతో రాకూడదు. సరే అని బయటికెళ్లి, ఎదురుగా కనిపించిన పెద్ద దుంగ ఒకటి రొమ్ముకి ఆనించుకుని తెచ్చాను. అది పచ్చి కట్టె, పైగా తడిసింది. బారంతా నవ్వింది. ఆ భారీ మనిషి లేచి, నన్ను బయటికి తీసుకెళ్లి, ఎండిన కట్టెలు ఎటువైపు ఉంటాయో, చేత్తో బరువు చూసి ఎలా తెలుసుకోవాలో చూపించాడు. అంతసేపూ నాకు బాత్‌రూమ్ అవసరం ఉందని చెప్పడానికి సిగ్గుపడ్డాను.

ఆయనే క్లైడ్. బారు వెనకున్న పొలం ఆయనది. గడ్డి పెంచి గుర్రాలవాళ్లకి అమ్మేవాడు. డాటీకి ఏటా ఆకురాలే కాలంలో కట్టెలు కొట్టి పేర్చేది ఆయనే, పంపు చెడితే బాగుచేసేదీ, చిమ్నీ దులిపేదీ ఆయనే. నలభై ఏళ్ల స్నేహం. ఆయన భార్యకి మతిమరుపు జబ్బు, నర్సింగ్ హోమ్‌లో ఉండేది. పొద్దున్నే ఆవిడ దగ్గరికీ, మధ్యాహ్నం డాటీ బారుకీ, అదీ ఆయన దినచర్య.

నేను శుక్రవారాలు వెళ్లేవాణ్ణి. ఆఫీసుకి పొద్దున ఆరింటికే పోయి రెండింటికి బయటపడేవాణ్ణి. మూడింటికి అక్కడ. ఒక గ్లాసు, మహా అయితే రెండు. ఉప్పు శనక్కాయలు. మీకు నవ్వు రావచ్చు, కానీ అమెరికా వచ్చాక నాతో ఎవరైనా ఊరికే మాట్లాడింది అక్కడే. ఆఫీసులో మాటలన్నీ పని గురించే. మనవాళ్ల ఇళ్లలో గ్రీన్‌కార్డ్ ప్రయారిటీ డేట్, ఇంటి ధర, ఏ స్కూలుకి ఎంత రేటింగ్. అక్కడ మాత్రం మంచు ఎప్పుడు పడుతుంది, నక్క ఎవరి కోళ్లని ఎత్తుకెళ్లింది, ఫలానావాళ్ల గుర్రం ఎందుకు కుంటుతోంది, ఇవీ కబుర్లు. నాకేమీ తెలీకపోయినా నన్ను అడిగేవాళ్లు. మీ ఊళ్లో నక్కలుంటాయా అని. ఉంటాయని చెప్పేవాణ్ణి.

డాటీ నా పేరు నేర్చుకుంది. అది చిన్న సంగతి కాదు. ఆఫీసులో నా పేరుని రెండక్షరాలకి కుదించేశారు, నేనూ దానికే పలుకుతున్నాను. ఈవిడ మొదటి రోజే, "పూర్తి పేరు చెప్పు" అంది. మూడు వారాలు కష్టపడింది. ఒత్తులూ దీర్ఘాలతో సహా పట్టుకుంది. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే గానీ నా మనసులో ఆవిడ ఎప్పుడూ మీరే.

ఇదంతా రహస్యం. ఎందుకు? అదే నన్ను నేను అడుగుతుంటాను. మనవాళ్లు తాగరా? మా కమ్యూనిటీలో ప్రతి బేస్‌మెంట్‌లోనూ స్కాచ్ ఉంటుంది. కానీ నేను తాగనని చెప్పుకున్నాను. ఎప్పుడో ఒక పార్టీలో గ్లాసు వద్దన్నందుకు ఎవరో మెచ్చుకున్నారు, ఆ మెప్పు రుచిగా ఉంది. అప్పట్నుంచీ స్ప్రైట్ పట్టుకుని కూర్చోవడం నా గుర్తయిపోయింది. ఆదివారాలు పిల్లలకి తెలుగు క్లాసు చెప్పేవాణ్ణి. "మా అబ్బాయి ఆయన్ని చూసి నేర్చుకోవాలి" అని తల్లులు అనేవాళ్లు. అంత మంచిపేరు వచ్చాక దించడం కష్టం. శుక్రవారం ఇంటికెళ్లే ముందు కార్లో సోంపు నమిలేవాణ్ణి. మా ఆవిడ అడిగితే మీటింగ్ అనేవాణ్ణి.

రెండు వేల ఏడు వేసవిలో వానలు ముఖం చాటేశాయి. బారుకి కౌంటీవాళ్ల, అంటే ఇక్కడి జిల్లా యంత్రాంగం వాళ్ల, కుళాయి నీళ్లు రావు, వెనక ఒక పాత బావి ఉంది, దాని మీద పంపు. ఆగస్టులో ఒక శుక్రవారం కాస్త ముందే వెళ్లాను. ముందు తలుపు గడియ పెట్టుంది. వెనక్కి వెళ్తే క్లైడ్ పికప్ ట్రక్కు, దాని మీద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు, అందులోంచి గొట్టం వంటగది పక్కనున్న సిమెంటు తొట్టిలోకి. బావి అడుగంటింది. క్లైడ్ తన పొలంలోని లోతు బోరు నీళ్లు వారానికి రెండుసార్లు తెచ్చి పోస్తున్నాడు. అవే గ్లాసులు కడగడానికి, అవే వంటకి. బారులో అలా బయటి నీళ్లు వాడటానికి కౌంటీ ఒప్పుకోదు.

డాటీ నన్ను చూసి కంగారు పడింది. తర్వాత, "చూశావుగా, ఇక నువ్వూ మాలో ఒకడివి, గొట్టం పట్టుకో" అంది. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గొట్టం పట్టుకున్నాను. పని అయ్యాక ముగ్గురికీ మూడు గ్లాసులు పోసింది. "ఈ సంగతి మన ముగ్గురి మధ్యే" అంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మీకు చెప్పలేను. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు. నన్ను నమ్మి ఒక గుట్టు చేతిలో పెట్టారు. పెట్టి రెండు నెలలు తిరక్కుండా నేనేం చేశానో చూడండి.

మా సబ్‌డివిజన్, అంటే మేముండే ఇళ్ల కాలనీ, ఏటికేడాది ఆ బారువైపు పెరుగుతూ వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో కొత్త వీధి పిల్లల స్కూల్ బస్ స్టాప్ సరిగ్గా బారు ఎదురుగా పెట్టారు. తల్లులు గోలపెట్టారు. న్యాయమే, బారు ముందు పిల్లల్ని నిలబెట్టడం ఎవరికి ఇష్టం? స్టాప్ మార్చమని అడిగితే సరిపోయేది. కానీ మాటల్లో మాటగా అది బారు మూయించమనే దాకా వెళ్లింది. మా కాలనీ తెలుగువాళ్ల కమిటీకి ప్రెసిడెంటు డాక్టర్ ప్రభాకరంగారు. డెబ్బైల్లో వచ్చి స్థిరపడ్డ పెద్దాయన, మా అందరికీ పెద్దదిక్కు. ఒకసారి కౌంటీకి ఉత్తరం రాశారు. తాగుబోతులు, గొడవలు అని. గొడవలేవీ లేవని కౌంటీవాళ్లు రెండు లైన్ల జవాబిచ్చారు.

ఒక ఆదివారం క్లాసు అయ్యాక ఆయన ఆ కాగితం పట్టుకుని వచ్చారు. "ఏమయ్యా, నువ్వు టెస్టింగ్‌లో కదా చేసేది? తప్పులు పట్టుకోవడం నీ వృత్తి. ఇందులో పస లేదు. నువ్వు డ్రాఫ్ట్ చేసిపెట్టు. తాగనివాడివి, నువ్వు రాస్తే దానికో విలువ ఉంటుంది."

కుదరదంటే ఎందుకని అడుగుతారు. పని ఎక్కువ అనొచ్చు. ఇంగ్లీషు అంత బాగా రాదనొచ్చు. ఏదో ఒకటి అనొచ్చు. నేను, "చూస్తానండీ డాక్టరుగారూ" అన్నాను. దొరికిపోతానన్న భయంతో అన్నానని చాలా ఏళ్లు అనుకున్నాను. భయం ఉంది, కాదనను. కానీ భయం మాత్రమే అయితే తల్లుల గోలనే ఇంకాస్త మంచి ఇంగ్లీషులో రాసి ఇచ్చేవాణ్ణి. అలా చెయ్యలేదు.

నా పని గురించి కొంచెం చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే టెస్టరు దాన్ని రాసిపెట్టాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏ వరసలో ఏం చేస్తే ఆ తప్పు కనిపిస్తుందో, డెవలపరు కాదనలేనట్టు రాయాలి. సరిగ్గా రాయకపోతే "మాకు కనపడటం లేదు" అని వెనక్కి పంపుతారు. అది మాకు తల కొట్టేసినంత పని. నేను రాసింది ఎప్పుడూ వెనక్కి రాలేదు. ఆ పేరు ఆఫీసులో ఉంది, ఆ గర్వం నాకుంది. డాక్టరుగారి ఉత్తరం వెనక్కి వచ్చింది. అది చూడగానే నా చేతులు దురద పెట్టాయి. నిజం ఇంత చిన్నది, ఇంత సిగ్గుమాలినది.

శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాశాను. గంట పట్టలేదు. బావి ఎండిందని, శుక్రవారాలు మధ్యాహ్నం రెండున్నరకి వెనక తలుపు పక్కన సిమెంటు తొట్టిలోకి బయటి నీళ్లు గొట్టంతో పోస్తారని, ఆ నీళ్లతోనే వంటా గిన్నెలూ అని. తొట్టి మూత విరిగుందని కూడా. ఒక్క అబద్ధం లేదు. క్లైడ్ మీద జాలిపడి ట్రక్కు సంగతి మాత్రం రాయలేదు. ఆయన్ని ఎందుకు ఇరికించడం అనుకున్నాను. ఆ ఒక్క దయ చూపించినందుకు నాకు నేనే కాస్త నచ్చాను కూడా. ఉత్తరం కమిటీ పేరు మీద వెళ్లింది. కింద డాక్టరుగారి సంతకం.

ఇంతవరకూ మా ఆవిడకి తెలుసు. "బారు వెనక నీళ్లు పోస్తారని మీకెలా తెలుసండీ?" అని ఉత్తరం చదివి అడిగింది. చెప్పేశాను. తాగినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలెండి, ఈ వంకతోనైనా మానేస్తారు" అంది. ఆ సగాన్ని క్షమించేసింది. మిగతా సగం ఉందని ఆవిడకి తెలీదు.

కౌంటీ మనిషి వచ్చాడు. రాసింది రాసినట్టు అన్నీ కనిపించాయి. కానీ వాళ్లు బారు మూసెయ్యమనలేదు, ఇది మీరు గుర్తుపెట్టుకోండి. మంచి నీళ్లకి సరైన ఏర్పాటు చేసుకోమని మూడు నెలలు టైమిచ్చారు. అంటే నా ఉత్తరం దానంతట అది డాటీని ముంచలేదు. ముంచింది తర్వాతి మాట.

నేను మానెయ్యలేదు. మానేస్తే అనుమానం వస్తుందని ఒక లెక్క, ఏం జరిగిందో చూడాలని ఒక ఆత్రం. అక్టోబర్ చివర్లో ఒక శుక్రవారం వెళ్లాను, కట్టె చేత్తో పట్టుకునే. మూడింటికి ఎవరూ లేరు. డాటీ బీరు పోసి, కౌంటీ కాగితం నా ముందు పెట్టింది. "చదువు" అంది. అందులో నా వాక్యాలు ఉన్నాయి. రెండున్నర, వెనక తలుపు, విరిగిన మూత. నా వాక్యాలు నేను చదవడం ఎంతసేపు పట్టాలో తెలీక, చాలాసేపు చదివినట్టు నటించాను.

"నీళ్ల సంగతి ముగ్గురికే తెలుసు" అంది డాటీ. "నాకు, నీకు, క్లైడ్‌కి."

నేను కాగితం ఆవిడ వైపు జరిపాను.

"నువ్వు కాదు. అది నాకు తెలుసు" అంది. ఎలా తెలుసో చెప్పలేదు. నేను అడగలేదు. "కానీ ఇది చూడు. తొట్టి రాశారు, గొట్టం రాశారు, టైము రాశారు. ట్రక్కు రాయలేదు. అంత పెద్ద ట్రక్కు కంటికి కనబడకుండా ఉంటుందా? ఎందుకు వదిలేశారు?"

అప్పుడు నాకు అర్థమైంది. నేను జాలిపడి వదిలిన ట్రక్కు క్లైడ్ మెడకి చుట్టుకుంటోంది. తన ట్రక్కు కాబట్టి తనే దాచుకున్నాడని ఆవిడ అనుకుంటోంది. అయినా నమ్మలేకపోతోంది. కాగితం తిప్పీ తిప్పీ చూస్తోంది. నలభై ఏళ్ల మనిషి కదా. నా వంక చూసి అడిగింది.

"క్లైడ్ ఇలాంటి పని చేస్తాడంటావా?"

చెయ్యడు అని అనొచ్చు. తెలీదు అని అనొచ్చు. ఊరుకోవచ్చు, ఊరుకున్నా సగం పాపంతో పోయేది. ఆవిడ కాదనమనే అడుగుతోంది, ఆ సంగతి గొంతులోనే తెలుస్తోంది. నేను కౌంటరు వైపు చూస్తూ అన్నాను.

"ఆయన పొలం అమ్ముతున్నారు కదా."

ఇదీ ఆ మాట. ఇది కూడా అబద్ధం కాదు. క్లైడ్ పొలం బిల్డరుకి అమ్ముతున్నాడు. మోకాళ్లు పోయాయి, భార్య నర్సింగ్ హోమ్ ఖర్చు మోయలేకపోతున్నాడు. అది డాటీకి నాకంటే బాగా తెలుసు. ఆ మూలన ఉన్న బారు స్థలం కూడా ఉంటే బిల్డరుకి ఇంకా బాగుంటుందని అందరూ అనుకుంటున్నదే. నేను చేసిందల్లా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడం. ఆ ముడి ఆవిడ చేత వేయించాను.

డాటీ కాగితం కౌంటరు మీద పెట్టింది. తర్వాత, "అవును, అమ్ముతున్నాడు" అంది. కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది. ఇంకో గ్లాసు కావాలా అని అడిగింది. వద్దన్నాను.

మరుసటి శుక్రవారం నేను అక్కడ ఉండగానే క్లైడ్ వచ్చాడు. ఆయన చేతిలోనూ కట్టె ఉంది. డాటీ కౌంటరు వెనకనుంచే, "దాన్ని బయట పెట్టి వెళ్లు" అంది. ఆయన తమాషా చేస్తోందనుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి, వచ్చిన పని చెప్పాడు. తన బోరు నుంచి బారుకి పైపు వేయిస్తాడట, ఆ నీళ్ల మీద డాటీకి హక్కు ఉండేట్టు అమ్మకం కాగితాల్లోనే రాయిస్తాడట, లాయరుతో మాట్లాడేశాడట, రిజిస్ట్రేషన్ అయ్యేలోపు ఆవిడ ఒక సంతకం పెడితే చాలట. అంటే ఆవిడ కష్టం మొత్తం తీరిపోయే దారి ఆయన చేతుల్లో పెట్టుకుని వచ్చాడు. డాటీ, "నీ నీళ్లు నాకొద్దు" అని వంటగదిలోకి వెళ్లిపోయింది.

క్లైడ్ నా వైపు చూశాడు. ఏమైంది ఈవిడకి అన్నట్టు. నేను భుజాలు ఎగరేశాను.

అప్పుడు చెప్పొచ్చు కదా? మీరు అడుగుతారని తెలుసు, నేనూ రోజూ అడుగుతాను. వంటగది నాకు పదడుగుల దూరం. లేచి వెళ్లి, "డాటీ, అది నేను రాశాను" అంటే అయిపోయేది. తిట్టేది, మెడపట్టి గెంటేది. క్లైడ్ నీళ్లు ఇచ్చేవాడు. బారు నిలబడేది. నేను పోగొట్టుకునేది ఏమిటి? శుక్రవారం ఒక గ్లాసు బీరు, నా పేరుని సరిగ్గా పలికే ఒక మనిషి. నిజానికి ఆ రెండో దాని కోసమే నోరు మూసుకున్నాననిపిస్తుంది ఒక్కోసారి. ఆవిడ నన్ను చూసే చూపు మారిపోతుందని. ఇంకోసారి, ఇదంతా నేను అల్లుకున్న కథ, నేను వట్టి పిరికివాణ్ణి అంతే అనిపిస్తుంది. ఏది నిజమో తేల్చుకోలేక ఏడేళ్లు గడిపాను. తేలినా ఏం లాభం లేదు.

కొత్తగా లోతు బోరు వేయించే స్తోమత డాటీకి లేదు. మూడు నెలలు అయ్యాక జనవరిలో బారు మూసేసింది. ఆఖరి మధ్యాహ్నం అందరూ వచ్చారు. నేనూ వెళ్లాను, వెళ్లగలిగాను. ఎప్పుడూ అక్కడికి వచ్చే గుర్రాల డాక్టరు ఒకాయన ఏడ్చాడు. క్లైడ్ లోపలికి రాలేదు. రోడ్డు అవతల ట్రక్కులో కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆపేసి, ఆ చలిలో. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. డాటీకీ కనిపిస్తూనే ఉన్నాడు. బయల్దేరేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నా పేరు పూర్తిగా, ఒక్క అక్షరం పోకుండా పలికి, "నువ్వు మంచివాడివి" అంది. నేను థాంక్స్ చెప్పాను.

ఆవిడ ఒహాయోలో మేనకోడలి దగ్గరికి వెళ్లిపోయింది. ఉగాది భోజనాల్లో ప్రభాకరంగారు మైకు పట్టుకుని, "మనవాడి ఉత్తరం" అని నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకి తెలిసింది అంతే. ఆ మరుసటేడాది బస్ స్టాప్ ఎలాగూ ఇంకో వీధికి మార్చారు. బారు పడగొట్టి ఆ మూలన మందుల షాపు కట్టారు.

మూడు వారాల కిందట ఆ మందుల షాపులోనే క్లైడ్ కనిపించాడు. వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. నేను తల తిప్పుకునేలోపే గుర్తుపట్టి పిలిచాడు. భార్య పోయిందని చెప్పాడు. డాటీ కూడా కిందటి చలికాలం పోయిందట. ఎవరూ కబురు చెయ్యలేదట, పేపర్లో చూశాడట. నేను అయ్యో అన్నాను. ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయాను.

వెళ్తానని కదిలితే వాకర్ అడ్డంగా ఉంది. ఆయన కాస్త మొహమాటపడుతూ అడిగాడు.

"నీతో బాగా మాట్లాడేది కదా. నేనేం చేశానో ఎప్పుడైనా చెప్పిందా?"

"లేదు" అన్నాను.

ఆయన తలూపాడు. "నేనూ ఆలోచిస్తూనే ఉన్నాను. ఏదో అనే ఉంటాను. నలభై ఏళ్లలో ఎన్నో అంటాం కదా. ఆవిడ మనసుకి ఏది తగిలిందో తెలిసుంటే క్షమాపణ చెప్పుకునేవాణ్ణి" అన్నాడు.

తను ఉండే వృద్ధుల అపార్ట్‌మెంట్ పేరు చెప్పి, ఒకసారి రమ్మన్నాడు. మా ఇంటి నుంచి పావుగంట.

ఆ సాయంత్రమే ఆయనకి రాద్దామని కూర్చున్నాను. డియర్ క్లైడ్ అని రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. వెనక్కి రాకుండా రాయగలనని గర్వపడ్డవాణ్ణి, మూడు వారాల్లో మూడు లైన్లు దాటలేదు. కారు తీసి ఆ అపార్ట్‌మెంట్ పార్కింగ్ దాకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ లోపలికి వెళ్లలేదు. ఎనభై దాటిన మనిషికి ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకు అనుకుంటాను. అనుకున్న మరుక్షణమే అది ఎవరి మీద జాలో తెలిసిపోతుంది. ట్రక్కు సంగతి రాయకుండా వదిలిన రోజు కూడా ఇలాంటి జాలే కలిగింది నాకు.

చివరికి ఇలా తెలుగులో రాస్తున్నాను. డాటీ లేదు. క్లైడ్‌కి తెలుగు రాదు. ఎవరికి చెప్పాలో వాళ్లకి తప్ప మిగతా అందరికీ చెప్పుకుంటున్నానని నాకు తెలుసు. ఇదీ ఒక దాక్కోవడమే. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ ఎక్కడో ఒకచోట, నాకు వచ్చిన భాషలో, దీన్ని ఉన్నదున్నట్టు ఒకసారి రాయాలి. రాస్తున్నాను. ఉత్తరం రాసింది నేను. నింద వేసింది నేను. క్లైడ్ ఏమీ చెయ్యలేదు, ఎవరినీ ఏమీ అనలేదు.

రాశాక కాస్త ఊపిరి ఆడుతున్న మాట నిజం. అక్కడ పావుగంట దూరంలో ఆయన మాత్రం, తను ఏమన్నాడో గుర్తు తెచ్చుకోవాలని ఇంకా ఆలోచిస్తూనే ఉండుంటాడు.